భుజం మీద చెయ్యి

కళ్లు పోయాక రెండేళ్ల దాకా భిక్షం నోట పర్వతాలు పేరు రాలేదు. "వాడు" అనేవాడు. పొద్దున లేస్తూనే "వాడు ఇంక బతికే ఉన్నడా?" అని పెళ్లాన్ని అడిగేవాడు. ఉన్నాడని చెబితే ఆ పూట అన్నం సరిగా తినేవాడు కాదు. ఆ పెళ్లాం, సైదమ్మ, పర్వతాలుకు తోడబుట్టిన అక్క.

మేళ్లచెరువు చుట్టుపక్కల ఎక్కడ తవ్వినా సున్నపురాయే. ఊరికి కోసెడు దూరంలో సున్నపు బట్టీలుండేవి. భిక్షం అక్కడ మేస్త్రీ. పర్వతాలు తల్లీ తండ్రీ లేనివాడు కాబట్టి చిన్నప్పటినుంచీ అక్క ఇంట్లో పెరిగి, బావ చేతికిందే పని నేర్చాడు. యాభైఐదో సంవత్సరం ఎండాకాలం నాటికి వాడికి పంతొమ్మిదేళ్లు. ఒకరోజు పనికి ఆలస్యంగా వచ్చి ఎదురు చెప్పాడని భిక్షం అందరి ముందూ, రాళ్లు మోసే ఆడవాళ్ల ముందు, చేతిలో ఉన్న కట్టెతో వాడి మూతిమీద కొట్టాడు.

"నా కంచంల ఎంగిలి తిని పెరిగిన కుక్కవు. నాకే జవాబు చెప్తవా?" అన్నాడు.

పెదవి చిట్లింది. ఆడవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. కాసేపటికి, కాల్చిన రాయి పోసిన గుంత మీదికి భిక్షం వంగి చూస్తున్నప్పుడు, కొంచెం కొంచెంగా పొయ్యవలసిన నీళ్లను పర్వతాలు కడవెడూ ఒక్కసారే కుమ్మరించాడు. సున్నం బుస్సున పొంగి లేచి భిక్షం మొహాన పడింది.

నల్లగొండ దవాఖానలో నెలరోజులుంచుకుని, చూపు ఇక రాదని పంపేశారు. "బెదిరిద్దమని పోసిన బావా. గిట్లయితదనుకోలే" అని పర్వతాలు కాళ్లు పట్టుకుంటే భిక్షం ఆ కాళ్లతోనే తన్నాడు. కేసు పెడతానన్నాడు. సైదమ్మ మూడు రోజులు పచ్చి మంచినీళ్లు ముట్టకుండా అతని కాళ్ల దగ్గర పడుకుంది. కేసు ఆగింది. పర్వతాలు వాడకట్టు చివర ఒక గుడిసె వేసుకుని వేరుపడ్డాడు. భిక్షం నులకమంచం మీద కూర్చుని, వాడి రెండు కళ్లలో తన చేత్తో సున్నం పోస్తున్నట్టు రోజూ అనుకునేవాడు. అందులో ఒక్కో వివరం కలుపుకుంటూ పోయేవాడు. వాడు ఎలా అరుస్తాడు, ఎటు పరుగెత్తుతాడు, దేనికి తగిలి పడతాడు. పొద్దు అలా గడిచేది.

ఆ వాడలో ఇరవై ఇళ్లు తాతల కాలంలోనే కిరస్తానంలో కలిశాయి. పేర్లు మాత్రం పాతవే ఉండిపోయాయి. తాటాకుల గుడి, దానికి గుర్వయ్య అనే ఉపదేశి. నెలకోసారి ప్రభువు బల్ల జరిగేది. రొట్టె, ద్రాక్షరసం భిక్షం దగ్గరికి వచ్చేసరికి గుర్వయ్య ఆగిపోయాడొకరోజు.

"భిక్షం, పరలోక ప్రార్థనల 'మేము క్షమించినట్టు మమ్ముల క్షమించు' అనే మాట రాంగనే నువ్వు నోరు మూస్తున్నవు. నేను ఇన్నాళ్ల సంది చూస్తనే ఉన్న. నీ మనసుల గంత పగ పెట్టుకొని ఈ రొట్టె తింటే నీకే కీడు."

"నా కండ్లు తెచ్చియ్యుండ్రి అయ్యగారూ. అప్పుడు తెరుస్త నోరు."

"కండ్లు నేను తేలేను. పగ మాత్రం నువ్వు తియ్యగలవు. వచ్చే నెలదాక చూస్త."

ఆ నెలంతా సైదమ్మ ఒక్క మాట అనలేదు. అంటే చెడుతుందని భయం. చివరికి ఆ ఆదివారం భిక్షం గుడిలో లేచి నిలబడ్డాడు. రొట్టె మీద ఆశతో కాదు. రెండేళ్లుగా తనను ఎవరూ ఏమీ అడగడం లేదు, ఆ నెలలో మాత్రం వాడంతా తన నోటికేసి చూస్తోంది. "నేను పర్వతాలును క్షమించిన" అన్నాడు. గుడి గొల్లుమంది. ఆడవాళ్లు ఏడ్చారు. పర్వతాలు వెనక వరసలోంచి పరుగెత్తుకొచ్చి కాళ్ల మీద పడ్డాడు. ఈసారి భిక్షం తన్నలేదు. వంగి వాడి భుజం తడుముకుని, దాని మీద చెయ్యి వేశాడు.

"నన్ను ఇంటికి తోలుకపో" అన్నాడు.

పర్వతాలు ఏడుస్తూనే నడిపించాడు. ఆ ఒక్కరోజుకే అనుకున్నాడు.

అది ఏడేళ్లు సాగింది. ముందు గుడికి, తరువాత చుట్టుపక్కల పల్లెల్లో ప్రార్థన కూటాలకు, తరువాత పెద్ద సభలకు. హుజూర్‌నగర్, కోదాడ, కట్టంగూరు, ఎక్కడ సభ జరిగినా గుర్వయ్యకు కబురొచ్చేది: ఆ గుడ్డాయనను, ఆ పిల్లవాణ్ణి పంపండి అని. భిక్షం సాక్ష్యం చెప్పడం నేర్చుకున్నాడు. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఆగితే ఆడవాళ్లు ఊపిరి బిగబడతారో తెలుసుకున్నాడు. మూతిమీద కొట్టిన దెబ్బ సంగతి అందులో ఉండేది కాదు. సున్నం పొంగిన సంగతి దగ్గర ఆగి, "పర్వతాలూ, చెయ్యెత్తు" అనేవాడు. పర్వతాలు కుడిచెయ్యి ఎత్తేవాడు. "చూడుండ్రి. నా కండ్లు తీసింది గా చెయ్యే. ఇయ్యాల నన్ను నడిపిస్తున్నది గుడ గా చెయ్యే." సభంతా అయ్యో అనేది. తల్లులు పిల్లలను దగ్గరికి లాక్కునే చప్పుడు భిక్షం చెవిన పడేది. తన అరచేతి కింద పర్వతాలు భుజం కట్టెలా బిగుసుకునేది. అది కాసేపు అలాగే బిగుసుకుని ఉండేలా, "చాలు, దించు" అనడానికి భిక్షం ఆలస్యం చేసేవాడు. ఎందుకు ఆలస్యం చేస్తున్నాడో ఎవరైనా అడిగితే ప్రభువు మహిమ కోసమని చెప్పేవాడు. తనకు తాను కూడా అదే చెప్పుకున్నాడు.

కోదాడలో ఒక పిల్లను పర్వతాలుకు అనుకున్నారు. పిల్ల తండ్రి సభకొచ్చాడు. పర్వతాలు చెయ్యెత్తడం చూశాడు. మరుసటి వారమే వద్దని కబురు పెట్టాడు.

"ప్రభువు ఇంక మంచి పిల్లను చూపిస్తడు, ఫికర్ చెయ్యకు" అన్నాడు భిక్షం.

పర్వతాలు ఇరవైఎనిమిదో ఏడు దాకా పెళ్లి లేకుండా ఉన్నాడు. చివరికి కట్టంగూరు దగ్గరి పల్లెలో నాగులమ్మ అనే పిల్ల దొరికింది. ఆమెకూ వెనకాముందూ ఎవరూ లేరు, వద్దనడానికి. గట్టి మనిషి. పెళ్లయిన నెలకే మొగుడితో, "ఎన్నేండ్లు తోలుకపోతవు ఆయనను?" అని అడిగింది.

అరవైనాలుగులో నార్కట్‌పల్లిలో మూడు రోజుల సభ వచ్చింది. నాగులమ్మకు నెలలు నిండాయి. పర్వతాలు బావ గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"బావా, గీసారికి నన్ను ఇడిచిపెట్టు. దానికి ఇయ్యాలో రేపో అన్నట్టున్నది. పొట్టల బిడ్డ అడ్డం తిరిగిందంటున్నది మంత్రసాని. బండి కట్టించి దవాఖానకు తీస్కపోవాలె."

"నీ అక్క ఉన్నది గద. చూస్తది."

"అక్క ఒక్కతె ఏం చేస్తది బావా. జర దయ చూడు."

భిక్షం మొహం అతని గొంతు వైపు తిప్పాడు. ఆ మొహం మీద తెల్లటి మచ్చలు కదిలాయి. "నా రెండు కండ్లు తీసినోన్ని క్షమించిన. ఎవడన్న చేస్తడా గట్ల? మూడు దినాలు ప్రభువు కోసం అడిగితే నీకు బరువైతున్నదా?"

లోపల సైదమ్మ పిడక విరుస్తున్న చప్పుడు ఆగింది. పర్వతాలు, "ఎప్పుడు బయలెల్లాలె?" అన్నాడు.

మూడు రోజుల తరువాత వాళ్లు తిరిగొచ్చేసరికి బిడ్డను పూడ్చేశారు. నాగులమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పరామర్శకు భిక్షం వచ్చి, గడప దగ్గర నిలబడి, "ప్రభువు చిత్తం" అని చెప్పి ప్రార్థన చేశాడు. నాగులమ్మ తల తిప్పలేదు. పర్వతాలు ఆమెన్ అనలేదు.

మళ్లీ ఆదివారం పొద్దున్నే పర్వతాలు ఎప్పటిలాగే వచ్చాడు. భిక్షానికి మనసు కుదుటపడింది. వాడి భుజం మీద చెయ్యి వేసి బయల్దేరాడు. కొంత దూరం పోయాక పాదాల కింద మన్ను పోయి రాళ్లు తగిలాయి.

"గుడి తొవ్వ గాదు గద ఇది. ఎటు పోతున్నవు?"

పర్వతాలు ఇంకో పది అడుగులు నడిచి ఆగాడు. "ముందర గుంత ఉన్నది బావా. బట్టీకి రాయి తీసిన గుంత. అయిదారు నిలువుల లోతుంటది." ఒక రాయిని కాలితో తోశాడు. అది కింద పడిన చప్పుడు చాలా ఆలస్యంగా వినబడింది.

"తొయ్యాల్ననుకుంటే తొయ్యి" అన్నాడు భిక్షం. మాట గట్టిగా రావాలనుకున్నాడు, సన్నగా వచ్చింది.

"తొయ్యను. తోస్తే పడేటప్పుడు గుడ నన్ను క్షమించిన్నని ఒర్రుకుంట పడతవు. గది నేను మొయ్యలేను." పర్వతాలు గొంతులో కోపం లేదు. పని అయిపోయిన మనిషిలా మాట్లాడుతున్నాడు. "నీ క్షమాపణ నువ్వు వాపస్ తీస్కో బావా. ఠాణకు పోదాం పా. నేనే చెప్త, కావాల్నని పోసిన్నని. ఏడేండ్లు జైల్ల ఏసినా ఈపాటికి ఇడిచిపెడుతుండిరి. నువ్వు ఇడువలే."

అలా అని భుజం పక్కకు తప్పించాడు. భిక్షం చెయ్యి గాలిలో ఉండిపోయింది.

"పర్వతాలూ."

చేతిని అటూ ఇటూ ఆడించి వెతికాడు.

"ఒరే తమ్మీ, యాడున్నవురా?"

గుంత ముందుందో, పక్కనుందో తెలియదు. కాలు కదపడానికి భయం. భిక్షం మెల్లగా మోకాళ్ల మీద కూర్చుని, తరువాత చేతులు కూడా నేలమీద ఆనించి, రాళ్లు తడుముకుంటూ వెనక్కి జరిగాడు. ఒకచోట పక్కకు చాపిన చేతికి నేల తగల్లేదు. అక్కడే పొట్టమీద పడుకుండిపోయాడు. ఎండ వీపు మీద కాలుస్తోంది. పంచె తడిసింది. ఎక్కడో దగ్గర్లోనే మనిషి ఊపిరి వినబడుతోంది. వాడు చూస్తున్నాడు. ఒకప్పుడు తను ఊహలో చూసుకునేవాడు, మంచం మీద కూర్చుని, వాడు ఎటు పరుగెత్తుతాడు, దేనికి తగిలి పడతాడు అని. ఇప్పుడు వాడు చూస్తున్నాడు. అది ఎంతసేపో భిక్షానికి తెలియదు. గుడిలో పాటలు మొదలై అయిపోయేదాకా.

చివరికి పర్వతాలు వచ్చి, మణికట్టు పట్టుకుని లేపి, ఇంటిదాకా తీసుకొచ్చాడు. గడప దగ్గర వదిలేసి పోయాడు.

"నీ తమ్ముడు నన్ను సంపబోయిండు" అన్నాడు భిక్షం. "గుంత పొంట తీస్కపోయి ఇడిచిపెట్టిండు. ఇంటున్నవా?"

సైదమ్మ తడిసిన పంచె విప్పించి ఉతికిన పంచె చేతికిచ్చింది.

"మగపిల్లగాడు. కాళ్లు ముందొచ్చినయి. రెండు పొద్దులు అరిసింది నాగులమ్మ. బండి దొరకలే, దొరికినా తోలేటోడు లేడు. నేనే గుడ్డల సుట్టి తీస్కపోయి మట్టేసిన. గా ఏళకు వాని తండ్రి నార్కట్‌పల్లిల చెయ్యెత్తి నిలవడ్డడు. నువ్వు నిలవెట్టినవు." విప్పిన పంచెను మూలకు విసిరి, "ఆనాడు నీ కాళ్లకాడ పండి కేసు ఆపిన. నా ముండమోపి బుద్ధికి ఆపిన" అంది.

ఆ నెల భిక్షం గుడికి పోలేదు. మంచం మీద కూర్చున్నాడు గాని పాత ఊహ రాలేదు. వద్దన్నా వేరేవి వచ్చాయి. కట్టె మూతికి తగిలిన చప్పుడు వచ్చింది. ఆడమనిషి నవ్వు వచ్చింది. తను చూడని పసిబిడ్డ వచ్చింది. ప్రార్థన చెయ్యబోతే సభలో చెప్పే మాటలే నోటికొస్తున్నాయి. గొంతు తనంతట తానే తగ్గుతోంది, పెరుగుతోంది. అసహ్యం వేసి మానేశాడు.

ప్రభువు బల్ల రోజున ఒక్కడే బయల్దేరాడు. గోడలు పట్టుకుని, కట్టె ఆనించుకుని, ఒకసారి మోరీలో పడి లేచి, మోకాలు చీరుకుని గుడికి చేరాడు. ఆ పూట నల్లగొండ నుంచి పెద్ద పాస్టరుగారు వచ్చి ఉన్నారు. ఆయన వినాలని గుర్వయ్యకు ఆత్రం. "భిక్షం, సాక్ష్యం చెప్పు" అన్నాడు.

"చెప్త. ఇన్నేండ్లు సగమే చెప్పిన" అని మొదలుపెట్టాడు భిక్షం. కట్టెతో కొట్టింది చెప్పాడు. ఎంగిలి మాట చెప్పాడు. నార్కట్‌పల్లి సంగతి, బిడ్డ సంగతి చెప్పాడు. ఎక్కడా గొంతు తగ్గించలేదు, పెంచలేదు. "వాన్ని క్షమించిన్నని మీ అందరి ముందర చెప్పి, పసురాన్ని కట్టేసినట్టు కట్టేసుకున్న. నాకది రుచైంది. నిజంగ క్షమించింది ఒక్క దినం గుడ లేదు."

ఎవరూ ఏడవలేదు. గుర్వయ్య మధ్యలోనే, "కూసో భిక్షం, గవన్నీ ఇప్పుడెందుకు" అన్నాడు. పెద్ద పాస్టరుగారు గొంతు సవరించుకుని పాట ఎత్తుకోమన్నారు. గుడి బయట ఎవరో, "కండ్లతోని మతి గుడ పోయింది. ఊరి పరువు తీసె" అనడం భిక్షం విన్నాడు. చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోతామని ఎవరూ రాలేదు.

మరునాడు సైదమ్మను తోడు రమ్మన్నాడు. "నువ్వే పో" అంది. కట్టె టకటకలాడించుకుంటూ వాడకట్టు చివరిదాకా పోయాడు. పర్వతాలు గుడిసె ముందు ఎవరో చేటలో బియ్యం చెరుగుతున్నారు. చెరగడం ఆగింది.

"నాగులమ్మా. నేనమ్మా, భిక్షాన్ని."

"కట్టె సప్పుడుకే ఎరికైంది. ఏం కావాలె అన్నా?"

"మీ ఇద్దరిని మాఫీ అడుగుదామని వచ్చిన."

గుడిసె లోపల ఎవరో దగ్గారు. పర్వతాలు లోపలే ఉన్నాడు. బయటికి రాలేదు.

"మాఫ్ జేస్తే మళ్ల మా ఇంటికొస్తవా?" అని అడిగింది నాగులమ్మ.

"రాను."

"చెయ్యకుంటే?"

"అప్పుడు గుడ రాను."

"అయితే చెయ్యను" అంది. మళ్లీ చేట చప్పుడు మొదలైంది.

భిక్షం వెనుదిరిగాడు. నాలుగడుగులు వేశాడో లేదో ఒళ్లంతా మండిపోయింది. కళ్లు పోగొట్టుకున్నవాణ్ణి, కాళ్లీడ్చుకుంటూ గుమ్మానికొస్తే గిట్లనా? పాత మంట అచ్చం అలాగే, వేడి తగ్గకుండా లేచింది. వెనక్కి పోయి తిట్టాలనిపించింది. కట్టె నేలకు గుచ్చి, ఎవరి గోడో దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. మంట అణిగేదాకా కదలకూడదనుకున్నాడు. పొద్దు నెత్తిమీదికి వచ్చింది. దారినపోయే పిల్లలు నవ్వారు. అణిగాక ఇంటికి పోయాడు. మరునాడు అది మళ్లీ లేచింది. ఆ మరునాడు కూడా. లేచినప్పుడల్లా ఉన్నచోటే ఆగిపోవడం అలవాటు చేసుకున్నాడు.

వానలకు ముందు పర్వతాలు, నాగులమ్మ ఊరు వదిలారు. నందికొండ దగ్గర కృష్ణమీద పెద్ద ఆనకట్ట కడుతున్నారు, రాయి పని వచ్చినవాళ్లను లారీలో ఎక్కించుకుని పోతున్నారు. సైదమ్మ రొట్టెలు మూటగట్టి సాగనంపడానికి బయల్దేరింది.

"నేను గుడ రానా?" అని అడిగాడు భిక్షం. "దూరం నుంచే ఉంట."

"వద్దు."

అతను మంచం మీద కూర్చున్నాడు. లారీ హారను రెండుసార్లు వినబడింది. లేవలేదు. మధ్యాహ్నం సైదమ్మ వచ్చి, వాళ్లు ఏ ఒడ్డున ఏ మేస్త్రీ కింద ఉంటారో చెప్పింది. "మనసుల పెట్టుకో. నేను సస్తే కబురు పెట్టేటందుకు" అంది.

వానాకాలం పోయాక గుర్వయ్య వచ్చాడు. నల్లగొండలో పెద్ద సభ, మూడు జిల్లాల నుంచి జనం వస్తారు. ఆనాటి మాటలు ఎవరూ మనసులో పెట్టుకోలేదని, మునుపటి సాక్ష్యం మునుపటిలాగే చెబితే చాలని అన్నాడు.

"పర్వతాలు లేకుంటే అందం రాదు. యాడున్నడో చెప్పు, జాబు రాపిస్త. సంఘం పిలుస్తే రాకేం చేస్తడు."

"నాకు తెల్వదయ్యగారూ."

"తోడబుట్టిన అక్కకు తెల్వకుంట పోతడా? అబద్ధమాడుతున్నవు భిక్షం."

"ఆడుతున్న."

"మరి ప్రభువు బల్ల కాడికి ఏ మొకం పెట్టుకొని వస్తవు?"

"మీరు రావద్దంటే రాను."

మూడు నెలలు అతన్ని బల్లకు దూరంగా ఉంచారు. ఆ మూడు నెలలూ భిక్షం గుడి బయట చప్టామీద కూర్చుని పాటలు విన్నాడు. నల్లగొండ సభలో సాక్ష్యానికి ఎక్కడినుంచో కుష్ఠు నయమైన ఒకాయనను పిలిపించారు. వాడలో ఆడవాళ్లు పోయివచ్చి, చాలా బాగా చెప్పాడని, వేళ్లు లేని చేతులు చూపిస్తే సభంతా ఏడ్చిందని చెప్పుకున్నారు. సైదమ్మ ఆ మాట ఇంటికి తెచ్చింది.

"ఆయనను తోలుకొని ఎవరన్న వచ్చిండ్రా?" అని అడిగాడు భిక్షం.

"లేదట. ఒక్కడే వచ్చిండట."

"మంచిది" అన్నాడు.